పులుపుకో కొలబద్ద

పీహెచ్ అన్న మాట ఈనాడు షాంపూ సీసాల మీదా, భూసార పరీక్షా పత్రాల మీదా, చేపల తొట్టెలు అమ్మే దుకాణాలలోనూ కనిపిస్తూనే ఉంటుంది. ఏడు అయితే తటస్థం, ఏడుకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని బడిలో అందరమూ వల్లె వేసినవాళ్ళమే. అయితే ఈ కొలబద్ద పుట్టినది ఏ విశ్వవిద్యాలయంలోనూ కాదు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఒక బీరు కార్ఖానాకు అనుబంధంగా నడిచిన ప్రయోగశాలలో. పుట్టిన సంవత్సరం 1909. మరో 43 ఏళ్ళకు అదే నగరంలో, ఊపిరాడక ప్రాణాలు విడుస్తున్న పిల్లల మంచాల పక్కన, ఆ అంకె తెలియకపోవడం వలన వైద్యులు రోగాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. ఈ రెంటినీ కలిపే దారి ఒకటుంది. ఆ దారి వెంట కాసేపు నడుద్దాం.

నాలుక నుండి పువ్వు దాకా

ఆమ్లాన్ని మొదట గుర్తుపట్టినది నాలుక. చింతపండు, నిమ్మకాయ, పులిసిన మజ్జిగ – వీటన్నిటికీ ఉన్న ఉమ్మడి గుణమే పులుపు. సంస్కృతంలో ‘ఆమ్లం’ అంటే పులుపే. లాటిన్‌లో ఆమ్లానికి ఉన్న పేరుకీ పులుపు అనే అర్థం. క్షారానిది మరో దారి. అది బూడిదలోంచి వచ్చింది. అరబ్బులు ‘అల్ కలీ’ అన్నది ఉప్పునేల మొక్కలను కాల్చగా మిగిలిన బూడిదను. ‘ఆల్కలీ’ అన్న మాట అక్కడిదే. మన చాకిరేవుల్లో మురికి వదలగొట్టడానికి వాడిన చవిటిమన్ను కూడా ఆ కోవలోదే.

ఆమ్లక్షారాలు ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయన్న ఎరుక మనవాళ్ళకు చాలా పాతది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో క్షారాలను వండే విధానానికి ఒక అధ్యాయమే ఉంది. మృదువు, మధ్యమం, తీక్షణం అని వాటిలో మూడు తరగతులు చెప్పి, క్షారం పెట్టినచోట మంట ఎక్కువైతే పుల్లని పదార్థంతో దాన్ని శాంతింపజేయాలని కూడా సుశ్రుతుడు చెప్పాడు.

నాలుకతో చిక్కేమిటంటే, అది పులుపు ఉందని చెప్పగలదు గాని ఎంత ఉందో చెప్పలేదు. పైగా అన్నిటినీ రుచి చూడబోతే ప్రాణానికే ముప్పు. ఆ పనిని కంటికి అప్పగించినవాడు రాబర్ట్ బాయిల్. 1664లో రంగుల మీద వెలువరించిన గ్రంథంలో, వయొలెట్ పువ్వుల పానకం ఆమ్లం తగిలితే ఎర్రగానూ, క్షారం తగిలితే పచ్చగానూ మారుతుందని ఆయన వివరంగా రాశాడు. బాయిల్ గొప్పతనం రంగు మారడాన్ని చూడటంలో లేదు. అద్దకంవాళ్ళు అంతకుముందే చూసి ఉంటారు. పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళతో దిష్టి తీసే మన ఇంటి ఆడవాళ్ళూ చూస్తూనే ఉన్నారు. ఆ రంగును ఒక పరీక్షగా, తెలియని పదార్థాన్ని ఏదో ఒక తరగతిలో చేర్చే సాధనంగా వాడవచ్చునని గ్రహించడంలో ఉంది ఆయన ప్రజ్ఞ.

ఒక తప్పుకు తెలుగు అనువాదం

పులుపుకు కారణమేమిటి? ఫ్రాన్సులో లవోజియే దీనికి ఒక జవాబు చెప్పాడు. గంధకాన్నీ భాస్వరాన్నీ కాల్చి, వచ్చినదాన్ని నీటిలో కలిపితే ఆమ్లాలు వస్తున్నాయి. కాలడమంటే గాలిలోని ఒకానొక మూలకంతో కలవడమే. కనుక ఆ మూలకమే పులుపుకు మూలమని ఆయన తీర్మానం. 1770ల చివర దానికి గ్రీకు మాటలతో ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అని పేరు పెట్టాడు. అదే ఆక్సిజన్. తెలుగులో శాస్త్రగ్రంథాలు రాసిన పెద్దలు ఆ పేరును అక్షరాలా అనువదించి ‘ఆమ్లజని’ అన్నారు. ఎంత ముద్దైన మాటో అంత పొరపాటు మాట! 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమని తేల్చాడు. దాంతో మన కడుపులోనే ఊరే హైడ్రోక్లోరికామ్లంలో ఆమ్లజని లేశమైనా లేదని రుజువైంది. తీవ్రమైన ఆమ్లం ఒకటి ఆమ్లజని లేకుండానే ఉండగలిగినప్పుడు ఇక ఆ సిద్ధాంతం నిలిచేదెలా? సిద్ధాంతం పోయింది, పేరు మాత్రం మిగిలిపోయింది. లవోజియే పొరపాటును మనం ఈనాటికీ తత్సమ పదంగా భద్రపరచుకుంటున్నాం.

అసలు ముద్దాయి ఉదజని. 1838లో లీబిగ్, లోహం వచ్చి స్థానభ్రంశం చేయగల ఉదజని ఉన్నదే ఆమ్లమన్నాడు. 1884లో ఉప్సాలాలో స్వాంటె అర్హీనియస్ అనే యువకుడు, లవణాలు నీటిలో కరగగానే విద్యుదావేశం గల తునకలుగా, అంటే అయాన్లుగా, విడిపోతాయని సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. పరీక్షకులు దానికి అత్తెసరు మార్కులు వేశారు. ఆ వ్యాసంలో మొలకెత్తిన సిద్ధాంతానికే 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ చూపుతో చూస్తే ఆమ్లమంటే నీటిలో ఉదజని అయాన్లను విడిచేది, క్షారమంటే హైడ్రాక్సైడు అయాన్లను విడిచేది. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా ఈ నిర్వచనాన్ని విశాలం చేసి, ప్రోటాన్‌ను ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం అన్నారు. వీరిలో బ్రాన్‌స్టెడ్‌దీ కోపెన్‌హాగెనే.

బీరు కార్ఖానాలో శాస్త్రం

కార్ల్స్‌బెర్గ్ బీరు కార్ఖానాను 1847లో స్థాపించిన యాకబ్‌సెన్ చిత్రమైన వ్యాపారి. బీరు తయారీ చేతివాటంగా, తాతల నాటి రహస్యంగా ఉండరాదనీ, దాన్ని శాస్త్రం మీద నిలబెట్టాలనీ ఆయన పట్టుదల. 1875లో ప్రయోగశాల పెట్టించి, అక్కడ కనుగొన్న దేనినీ రహస్యంగా దాచరాదని నియమం చేశాడు. పోటీదారులకు ఉపయోగపడినా సరే, ప్రచురించవలసిందే. 1883లో ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచే పద్ధతి కనిపెడితే, అది అందరికీ అందింది. ఆ ఏడాదే యొహాన్ కెల్డాల్ ధాన్యంలో నత్రజనిని కొలిచే పద్ధతి ప్రకటించాడు. పాలపొడిలో మాంసకృత్తులెన్నో తేల్చడానికి ఈనాటికీ దాన్ని వాడుతున్నారు.

కెల్డాల్ 1900లో మరణించగా, మరుసటి ఏడు ఆయన స్థానంలోకి వచ్చినవాడు సోరెన్ సోరెన్‌సెన్. 1868లో రైతు కుటుంబంలో పుట్టాడు. ఆయనను వేధించిన సమస్య ఎంజైములది. మొలకెత్తిన బార్లీలోని పిండిని చక్కెరగా మార్చేవీ, కడుపులో మాంసకృత్తులను విరిచేవీ ఈ ఎంజైములే. ఇవి మహా పెంకివి. కాస్త పులుపు అటూ ఇటూ అయితే పని మానేస్తాయి. అయితే ‘కాస్త పులుపు’ను కొలిచేదెలా?

అప్పటికి వాడుకలో ఉన్న పద్ధతి అంశమాపనం. ద్రావణంలోకి బొట్టుబొట్టుగా క్షారం వేస్తూ, తటస్థం కావడానికి ఎంత పట్టిందో చూసి, ఆమ్లం అంత ఉందని చెప్పడం. ఇందులో ఒక మోసం ఉంది. లీటరు నీటిలో పదో వంతు మోలు హైడ్రోక్లోరికామ్లం ఒక పాత్రలోనూ, అంతే ఎసిటికామ్లం, అంటే వినెగర్‌లోని పులుపు, మరో పాత్రలోనూ పోశామనుకోండి. అంశమాపనం చేస్తే రెంటికీ ఒకే లెక్క వస్తుంది. కాని హైడ్రోక్లోరికామ్లం తన ఉదజనిని దాదాపు మొత్తంగా అయాన్లుగా వదిలేస్తుంది. ఎసిటికామ్లం వందింట ఒకటీ ఒకటిన్నరా మాత్రమే వదిలి, మిగిలినది పట్టుకుని కూర్చుంటుంది. అంశమాపనం చెప్పేది ఇనప్పెట్టెలోని సొమ్ముతో సహా మొత్తం ఆస్తిని. ఎంజైముకు తగిలేది చేతిలో ఆడే డబ్బు మాత్రమే. కొలవవలసినది మొత్తం ఆమ్లాన్ని కాదు, ఆ క్షణాన స్వేచ్ఛగా తిరుగుతున్న ఉదజని అయాన్ల గాఢతను. 1909లో సోరెన్‌సెన్ ప్రకటించిన సుదీర్ఘ వ్యాసానికి ఇదే ప్రాణం.

కొలవడానికి ఆయన రెండు దారులు చూపాడు. మొదటిది ఉదజని ఎలక్ట్రోడు: ప్లాటినం రేకు మీదుగా ఉదజని వాయువును పంపుతూ, ద్రావణంలో పుట్టే విద్యుత్ పొటెన్షియల్‌ను చూడటం. రెండవది రంగులది, అంటే బాయిల్ పువ్వుల వారసత్వం: పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలను వరుసగా పేర్చి, సూచికల రంగులను వాటితో పోల్చడం.

మరి అంకెలు? స్వచ్ఛమైన నీటిలో ఉదజని అయాన్ల గాఢత లీటరుకు 0.0000001 మోలు. ఈ సున్నాలను పదే పదే రాస్తూ ఉంటే ప్రాణం విసిగిపోతుంది. పైగా ఎలక్ట్రోడు పొటెన్షియల్ గాఢతతో పాటు సమంగా పెరగదు. గాఢత పదింతలైన ప్రతిసారీ ఒకే మెట్టు, 25 డిగ్రీల వద్ద సుమారు 59 మిల్లీవోల్టులు, మారుతుంది. కనుక గాఢతకు సంవర్గమానం తీసి, రుణ చిహ్నాన్ని తొలగించి, ఆ అంకెకు పీహెచ్ అని పేరు పెట్టాడు. స్వచ్ఛమైన నీటికి 7 వచ్చింది అందుకే. ఒక మెట్టు దిగితే పదింతలు, రెండు మెట్లు దిగితే నూరింతలు పులుపు. ఇందులోని ‘హెచ్’ ఉదజనికి గుర్తు. ‘పీ’ మాత్రం ఇప్పటికీ వివాదమే. ఘాతం అనే అర్థమున్న జర్మన్ మాటకు తొలి అక్షరమని కొందరు, ఫ్రెంచి మాటకని మరికొందరు. సోరెన్‌సెన్ తన గణితంలో రెండు ద్రావణాలకు ‘పీ’, ‘క్యూ’ అని అక్షరాలు వాడుకున్నాడు; ‘పీ’ అలా యాదృచ్ఛికంగా నిలిచిపోయిందని వ్యాసాన్ని పరిశీలించినవారి వాదన. 1924లో ఆయనే, లిండర్‌స్ట్రోమ్ లాంగ్‌తో కలిసి, నిర్వచనంలో గాఢతకు బదులు ‘క్రియాశీలత’ అనే మరింత సూక్ష్మమైన భావనను చేర్చాడు.

నిబ్బరం

పీహెచ్‌ను కొలవడం ఎంత అవసరమో, దాన్ని ఒకచోట నిలిపి ఉంచడమూ అంతే అవసరం. లేకపోతే ప్రయోగం మధ్యలో ఎంజైము చేసే పనికే అది జారిపోవచ్చు. ఇక్కడే బఫర్ ద్రావణాలు వస్తాయి. రైలు పెట్టెల మధ్య ఢీకొన్న దెబ్బను మింగే కమ్ములను బఫర్లంటాం గదా. అదే పని ఇక్కడా.

పనిచేసే తీరు సులభమే. బలహీనమైన ఆమ్లాన్నీ, దాని లవణాన్నీ ఒకే పాత్రలో ఉంచుతాం. బయటినుండి ఆమ్లం వస్తే లవణం దాన్ని పట్టుకుంటుంది. క్షారం వస్తే ఆమ్లం ఎదుర్కొంటుంది. లీటరు శుద్ధజలంలో నూరో వంతు మోలు హైడ్రోక్లోరికామ్లం పోస్తే పీహెచ్ 7 నుండి 2కు పడిపోతుంది. ఎసిటికామ్లం, సోడియం ఎసిటేటు చెరో పదో వంతు మోలు ఉన్న లీటరు ద్రావణంలో అంతే ఆమ్లం పోయండి: 4.76 ఉన్నది 4.67 అవుతుంది. అంతే!

మన నెత్తురు ఇటువంటి ద్రావణమే. 1908లో హార్వర్డ్‌లో లారెన్స్ హెండర్సన్ ఈ సంగతికి సమీకరణం రాశాడు. కోపెన్‌హాగెన్ వైద్యుడు కార్ల్ హాసెల్‌బాల్క్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో దాన్ని సోరెన్‌సెన్ సంవర్గమానపు భాషలోకి మార్చాడు. వైద్య విద్యార్థులు నేటికీ ఈ ఇద్దరి పేర్లతోనే దాన్ని చదువుకుంటారు. దాని సారాంశం ఇది: నెత్తుటి పీహెచ్ బైకార్బనేటు మీదా ఆధారపడదు, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు మీదా ఆధారపడదు, ఆ రెంటి నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఆరోగ్యవంతుడిలో లీటరుకు బైకార్బనేటు 24 మిల్లీమోళ్ళు, కరిగిన వాయువు 1.2. నిష్పత్తి 20, పీహెచ్ 7.4. బైకార్బనేటును సరిచూసేవి మూత్రపిండాలు. వాయువును బయటికి పంపేవి ఊపిరితిత్తులు. ఊపిరి ఆగితే నిమిషాలలోనే నిష్పత్తి చెడుతుంది.

1952, కోపెన్‌హాగెన్

ఆ వేసవిలో కోపెన్‌హాగెన్‌ను పోలియో ముంచెత్తింది. అంటువ్యాధుల ఆసుపత్రి అయిన బ్లెగ్డామ్‌లో కొద్ది నెలల్లో 2,700 మందికి పైగా చేరారు. వారిలో సుమారు 300 మందికి ఊపిరి తీసే కండరాలో, మింగే కండరాలో చచ్చుబడ్డాయి. ఆసుపత్రిలో ఉన్నవి రోగిని మెడదాకా మింగే ఇనుప ఊపిరియంత్రం ఒకటి, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. మొదటి మూడు వారాలలో వీటిలో ఉంచిన 31 మందిలో 27 మంది మరణించారు.

వైద్యులను మరింత కలవరపెట్టినది నెత్తుటి పరీక్ష. అప్పటి వాడుక ప్రకారం నెత్తుటిలోని మొత్తం కార్బన్ డయాక్సైడును, అంటే బైకార్బనేటునూ కరిగిన వాయువునూ కలిపి, కొలిచేవారు. చనిపోతున్న పిల్లలలో అది చాలా హెచ్చుగా ఉంది. బైకార్బనేటు ఎక్కువ కాబట్టి నెత్తురు క్షారమై ఉంటుందనీ, ఇదేదో అంతుచిక్కని క్షారాధిక్యమనీ అనుకున్నారు.

ఉదాహరణకు మొత్తం 33 వచ్చిందనుకుందాం. అందులో బైకార్బనేటు 31.8, వాయువు 1.2 అయితే నిష్పత్తి 26.5, పీహెచ్ 7.52, అది క్షారాధిక్యమే. కాని బైకార్బనేటు 30, వాయువు 3 అయినా మొత్తం 33 అవుతుంది. అప్పుడు నిష్పత్తి 10, పీహెచ్ 7.1. అది ఊపిరి చాలక ముంచుకొచ్చిన ప్రాణాంతకమైన ఆమ్లాధిక్యం! ఒకే అంకె కింద రెండు విపరీతమైన స్థితులు దాగి ఉన్నాయి. మొత్తాన్ని చూసి మోసపోవద్దని 1909లో అదే ఊళ్ళో సోరెన్‌సెన్ చెప్పిన పాఠమే మళ్ళీ ఎదురుపడింది. ఈసారి పందెం ఎంజైము కాదు, పిల్లల ప్రాణాలు.

ప్రధాన వైద్యుడు లాసెన్ ఆగస్టు 25న సమావేశం జరిపినప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు వైద్యుణ్ణి పిలిపించారు. మత్తు వైద్యులు శస్త్రచికిత్స గది గడప దాటని రోజులవి. ఇబ్సెన్ సందేహం ఒక్కటే: ఇది క్షారాధిక్యం కాదు, వాయువు బయటికి పోలేక పేరుకుపోతున్నది, పిల్లలకు ఊపిరి చాలడం లేదు. నిరూపించమన్నారు. రెండు రోజుల తరువాత, ఊపిరి కోసం కొట్టుకుంటున్న పన్నెండేళ్ళ బాలికకు గొంతు కింద రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, రబ్బరు తిత్తితో గాలి పంపబోయాడు. ఆమె పెనుగులాట వలన గాలి లోనికి పోలేదు. చూడవచ్చిన వైద్యులు ఆశ వదులుకున్నారు. ఇబ్సెన్ మత్తుమందు ఇచ్చాడు. పెనుగులాట ఆగింది, ఆమె సొంత ఊపిరీ ఆగింది, అప్పుడు తిత్తిలోని గాలి ఊపిరితిత్తులను నింపింది. పేరుకున్న వాయువు బయటికి పోగా ఆమె స్థితి కుదుటపడింది.

ఆ రోజుల్లోనే ఆసుపత్రి ప్రయోగశాలాధికారి పౌల్ ఆస్ట్రుప్, రేడియోమీటర్ అనే స్థానిక సంస్థ తయారుచేసిన పీహెచ్ మీటరుతో నెత్తుటి పీహెచ్‌ను నేరుగా కొలిచాడు. నెత్తురు ఆమ్లం వైపే ఉంది. సోరెన్‌సెన్ ఎలక్ట్రోడుతో ఈ పని కష్టం. ఉదజనిని బుడగలుగా పంపితే నెత్తుటిలోని కార్బన్ డయాక్సైడు దాంతో పాటే ఎగిరిపోతుంది. గాజు ఎలక్ట్రోడుకు ఆ బాధ లేదు. దాన్ని బల్ల మీద పెట్టుకునే పరికరంగా 1934లో అమెరికాలో ఆర్నల్డ్ బెక్‌మన్ తీర్చిదిద్దినది కాలిఫోర్నియా నిమ్మరసం పులుపు కొలవడానికి! బీరు, నిమ్మరసం, చివరికి నెత్తురు.

రోగం తెలిసింది, మరి అంతమందికి తిత్తులు నొక్కేదెవరు? సుమారు 1,500 మంది విద్యార్థులు వంతుల వారీగా రాత్రింబగళ్ళు మంచాల పక్కన కూర్చుని, చేతులతో తిత్తులు నొక్కి, వారాల తరబడి పిల్లలకు ఊపిరి పోశారు. ఒక దశలో ఒకేసారి 70 మంది రోగులకు ఇలా జరిగింది. చేతులలో రోగి పోయినప్పుడు ఆ కుర్రవాళ్ళు ఏమనుకుని ఉంటారో ఊహించుకోవలసిందే. 87 శాతంగా ఉన్న మరణాలు క్రమంగా సుమారు 25 శాతానికి దిగాయి. మరుసటి ఏడు ఇబ్సెన్ కోపెన్‌హాగెన్‌లోనే మరో ఆసుపత్రిలో నెలకొల్పిన విభాగాన్ని ఇంటెన్సివ్ కేర్ యూనిట్లకు ఆద్యంగా చెబుతారు. ఆస్ట్రుప్ పద్ధతి నెత్తుటి వాయువుల పరీక్షకు దారి తీసింది. ఈనాడు ఆ విభాగాలలో రోగి చేరగానే తీసే తొలి అంకెలలో పీహెచ్ ఒకటి.

చివరిగా మాటల సంగతి. ఆమ్లజనిని ఇక సవరించలేం, అది అలవాటైపోయింది. బఫర్‌కు మాత్రం తెలుగులో మంచి మాట కుదరలేదనే నా అభిప్రాయం. అటు ఆమ్లం వచ్చినా ఇటు క్షారం వచ్చినా చలించక నిలిచేది కనుక ‘నిబ్బర ద్రావణం’ అంటే ఎలా ఉంటుంది? ఇంతకన్న చక్కని మాట మీలో ఎవరికైనా తట్టితే చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను.